సిగ్నల్లో సెకన్ల అంకెలు ఎందుకు పోయాయి? అసలు వీటిని నడిపేది ఎవరు?

పనత్తూరు పక్షి:

అందరికీ నమస్తే. బెంగళూరు వచ్చి నాలుగేళ్లయింది. రోజూ స్కూటర్ మీద పనత్తూరు నుంచి దొమ్లూరు వెళ్లొస్తాను, కాబట్టి ఎర్ర లైటు కింద నా ఆయుష్షు ఎంత కరిగిందో మీరే లెక్కేసుకోండి. ఇన్నాళ్లూ ఒక్క ఊరట ఉండేది, సెకన్ల బోర్డు. 140 అని కనబడగానే ఇంజన్ ఆపేసి, బ్లూటూత్‌లో ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, సిగ్నల్లో ఉన్నా, రెండు నిమిషాలు మాట్లాడొచ్చు" అనేవాణ్ణి. ఆవిడకీ అలవాటైపోయి, సరిగ్గా టైమ్ అయ్యేసరికి తనే "సరే, చూసుకుని వెళ్లు" అని పెట్టేసేది. ఇప్పుడు మా దారిలో రెండు మూడు జంక్షన్లలో ఆ అంకెలు లేవు. బోర్డు ఉంది కానీ నల్లగా ఉంటుంది. ఇంజన్ ఆపాలా వద్దా తెలీదు, ఆపిన మరుక్షణం గ్రీన్ పడుతుంది, వెనక ఆటోలన్నీ ఒకేసారి హారన్ అందుకుంటాయి. ఆపకపోతే మాత్రం చచ్చినా పడదు.

ఇదొకటైతే, పోయిన గురువారం రాత్రి 11 దాటాక ఇంకో విచిత్రం జరిగింది. ఒక చిన్న రోడ్డు నుంచి మెయిన్ రోడ్డు మీదికి రైట్ తిరగాలి. రెడ్ ఉంది. మెయిన్ రోడ్డు మీద పురుగు లేదు. ఒక కుక్క తాపీగా జీబ్రా మీద అటు వెళ్లింది, ఏమనుకుందో మళ్లీ ఇటొచ్చింది, వచ్చి నా ముందు చక్రం వాసన చూసి వెళ్లింది. ఫోన్లో చూసుకుంటే మూడు నిమిషాలు గడిచాయి. చివరికి వెనకాల ఒక కారు వచ్చి ఆగింది, కాసేపటికే గ్రీన్ పడింది! కారుకున్న మర్యాద స్కూటర్‌కి లేదా?

అందుకే అడుగుతున్నా. ఇవి ఒకదానికొకటి కలిపి ఉంటాయా, ఉంటే వైరుతోనా, సిమ్ముతోనా? ఎక్కడో ఆఫీసులో ఎవరైనా కూర్చుని నొక్కుతుంటారా? 400 మీటర్ల దూరంలో ఉన్న రెండు సిగ్నళ్లు నాకు మాత్రమే వరసగా రెడ్ ఎందుకు వేస్తాయి? ఇంకోటి, ఎవడైనా హ్యాక్ చేసి నాలుగు వైపులా గ్రీన్ వేసేస్తే ఏంటి పరిస్థితి? ఈ నాలుగోది మా రూమ్మేట్ ప్రశ్న, వాడికి రాత్రి నిద్ర పట్టట్లేదట.

గుండ్రాయి:

బ్రో అంతా ఏఐ ఇప్పుడు. కెమెరాల వీడియో మొత్తం ట్రాఫిక్ పోలీసుల కంట్రోల్ సెంటర్‌కి వెళ్తుంది, అక్కడ పెద్ద సర్వర్ ఉంటుంది, ఏ జంక్షన్‌లో ఏ లైటు వెయ్యాలో అదే సెకను సెకనుకీ చెప్తుంది. నెట్ పోతే లైట్లు పోతాయి. వాన పడ్డప్పుడు సిగ్నళ్లు ఆగిపోయేది అందుకే. సింపుల్.

పసుపు దీపం:

గుండ్రాయి గారూ, ఏమీ అనుకోకండి, మీరు చెప్పింది దాదాపు తలకిందులుగా ఉంటుంది. నాది చిత్తూరు, ఈ ఊళ్లో ఆరేళ్లు సిగ్నళ్ల మెయింటెనెన్స్ చేశాను, ఒక కాంట్రాక్టరు కింద. వానకి సిగ్నల్ పోయిందంటే 10 సార్లలో 9 సార్లు కరెంటో, భూమిలో వేసిన కేబుల్ జాయింట్లోకి నీళ్లు దిగడమో, లేదా ఎవరో రోడ్డు తవ్వి కేబుల్ తెంపడమో. నెట్ పోయినందుకు లైట్లు ఆరిపోవడం నేను చూడలేదు, అలా డిజైన్ చేయరు కూడా.

ఈసారి సిగ్నల్లో ఆగినప్పుడు ఫుట్‌పాత్ మీద చూడండి, ఏదో ఒక మూల బీరువా ఎత్తులో ఒక ఇనప పెట్టె ఉంటుంది, దాని మీద టూ లెట్ కాగితాలు, పీజీ పోస్టర్లు అంటించి ఉంటాయి. సిగ్నల్ అంటే అదే. దాన్ని కంట్రోలర్ అంటాం. తలుపు తీస్తే ముందు వేడి గాలి ముఖానికి కొడుతుంది, తర్వాత బల్లి పరుగెడుతుంది (కచ్చితంగా ఒకటి ఉంటుంది, గుడ్లు కూడా పెడుతుంది, నేను స్క్రూడ్రైవర్ పెట్టే ముందు తలుపు మీద తట్టడం అలవాటు చేసుకున్నా). లోపల పైన ప్రాసెసర్ కార్డు, దాని కింద ఒక్కో దీపానికి ఒక్కో స్విచ్చు ఉండే కార్డుల వరస, అడుగున బ్యాటరీ, ఓ మూలన మోడెమ్. ఏ లైటు ఎప్పుడు వెలగాలో తేల్చేది ఈ పెట్టే. పొద్దున ప్లాను, మధ్యాహ్నం ప్లాను, సాయంత్రం ప్లాను, ఆదివారం ప్లాను అన్నీ దాని మెమరీలోనే ఉంటాయి. సెంటర్‌తో లైను తెగినా గడియారం చూసుకుని తన పని తను చేసుకుపోతుంది.

మరి సెంటర్ ఏం చేస్తుందంటే, సలహా ఇస్తుంది. పెట్టె నుంచి పైకి వెళ్లేది చాలా చిన్న డేటా, ఇప్పుడు ఏ స్టేజ్‌లో ఉన్నాను (అంటే ఏ వైపుకి గ్రీన్ ఇచ్చాను), ఏ వైపు ఎన్ని బండ్లు లెక్కొచ్చాయి, ఏ దీపం మాడిపోయింది, అంతే. ఒక వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫొటో పంపే డేటాతో ఒక జంక్షన్ చాలాసేపు మాట్లాడుకుంటుంది, అందుకే సిమ్ కార్డు కూడా సరిపోతుంది. ఫైబర్ ఉంటే ఫైబర్, లీజ్డ్ లైన్ ఉంటే అది. వీడియో చూడ్డానికి పెట్టే నిఘా కెమెరాల సంగతి వేరు. బండ్లను లెక్కపెట్టే కెమెరా బొమ్మను అక్కడికక్కడే చూసుకుని "ఈ వైపు బండి ఉంది, లేదు" అని మాత్రం పెట్టెకి చెప్తుంది.

ఇక అంకెలు. పాత పద్ధతిలో అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి, ఈ వైపు 40, ఆ వైపు 55 అని. కాబట్టి నీ రెడ్ ఎన్ని సెకన్లో కంట్రోలర్‌కి ముందే తెలుసు, బోర్డు మీద వేస్తుంది. కొత్త పద్ధతిలో అవతలి వైపు బండ్లు వస్తున్నంతసేపు గ్రీన్ సాగుతుంది, మూడు నాలుగు సెకన్లు ఖాళీ కనబడితే కట్ అవుతుంది, ఎంత సాగినా ఒక పై హద్దు ఉంటుంది. నీ రెడ్ అంటే మిగతా మూడు వైపుల గ్రీన్‌లు కలిపి. అవి ఎంతో ఇంకా తేలనే లేదు, మరి నీకేం అంకె చూపిస్తుంది? కొన్నిచోట్ల పై హద్దు లెక్కేసి చూపించి చూశారు, 62, 61, 60 అని వచ్చి టక్కున 12కి దూకుతుంది, జనం సిగ్నల్ పాడైందని ఫిర్యాదు చేశారు. దానికంటే నల్లగా ఉంచడం మేలనుకున్నారు. పాడై కాదు తమ్ముడూ, అది ఇంకా ఆలోచిస్తోంది.

బెంగళూరులో ఈ తెలివైన సిగ్నళ్ల గొడవ కొత్తదేం కాదు. బీ-ట్రాక్ 2010 అనే పాత ప్రాజెక్టు రోజుల నుంచే జంక్షన్లను సెంటర్‌కి కలపడం మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది 165 జంక్షన్ల అడాప్టివ్ ప్రాజెక్టు, అంటే రద్దీని బట్టి సిగ్నలే టైమ్ మార్చుకునేది, దాంట్లో వాడే సాఫ్ట్‌వేర్ పేరు కోసికాస్ట్, తిరువనంతపురంలోని సీ-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ చేసింది. మన రోడ్ల కోసం, అంటే లేన్లు పాటించని రోడ్ల కోసం ఇక్కడే చేసింది. బయట పేరున్నవి రెండు, సిడ్నీ వాళ్ల స్కాట్స్, ఇంగ్లండ్ వాళ్ల స్కూట్. స్కూట్ తరీకా నాకు నచ్చుతుంది, ప్రతిసారీ నాలుగు సెకన్లు పెంచాలా, తగ్గించాలా, వదిలెయ్యాలా అని మాత్రమే ఆలోచిస్తుంది, పెద్ద పెద్ద దూకుళ్లు ఉండవు. మా అమ్మ పులుసులో ఉప్పు వేసినట్టు.

రాత్రి సంగతి చెప్పే ముందు ఒక మాట అడుగుతా, నిజం చెప్పాలి. బండి ఎక్కడ ఆపారు?

పనత్తూరు పక్షి:

సిగ్నల్ దగ్గరే అన్నా. కొంచెం ముందుకి.

పసుపు దీపం:

కుక్క జీబ్రా మీద దాటుతూ మీ చక్రం వాసన చూసిందన్నారు. అంటే మీరు జీబ్రా మీద ఉన్నారు!

స్తంభం మీద కెమెరా ఉంటుంది కదా, సెటప్ చేసేటప్పుడు దాని తెర మీద మేము పెట్టెల్లాంటి గళ్లు గీస్తాం, తెల్ల గీతకి వెనకాల. ఆ గడిలో ఏదైనా వచ్చి నిలబడితే "బండి ఉంది, గ్రీన్ కావాలి" అని కంట్రోలర్‌కి కబురు వెళ్తుంది. పాతకాలంలో రోడ్డు కోసి వైరు చుట్ట పాతేవాళ్లు, పైన ఇనుము వస్తే కరెంటు మారుతుంది, దాని పని కూడా ఇదే, మన దగ్గర రోడ్డు తవ్వినప్పుడల్లా తెగిపోయేది కాబట్టి కెమెరాకి మారారు. మీరు గీత దాటి, గడి దాటి, కెమెరా కిందికి వచ్చి నిలబడ్డారు. దాని దృష్టిలో ఆ రోడ్డు ఖాళీ. రాత్రి పూట చిన్న రోడ్డులో ఎవరూ లేకపోతే మెయిన్ రోడ్డుకే గ్రీన్ ఉంచేలా పెట్టి ఉంటారు. కారాయన గీత వెనక ఆగాడు, ఆయన పేరు మీద మీకూ గ్రీన్ వచ్చింది. మర్యాద కారుకి కాదు, గీతకి.

పనత్తూరు పక్షి:

ఛీ. మూడు నిమిషాలు నేను కుక్కతో కలిసి నిలబడింది నా తెలివికా.

పసుపు దీపం:

మీ ఒక్కరి తప్పేం కాదు, గీత వెనక ఆగితే పక్కవాళ్లు పిచ్చోణ్ణి చూసినట్టు చూసే ఊరు ఇది. పైగా కొన్నిచోట్ల గీతే కనబడదు, తారు వేసి మళ్లీ గీయరు. మేము మాత్రం పాత గీతని నమ్ముకుని గడి గీసి ఉంటాం.

రాత్రిషిఫ్టు:

రూమ్మేట్‌ని పడుకోమనండి. నేను నెట్‌వర్క్ సెక్యూరిటీలో ఉన్నాను, ఈ విషయం మీద పనికొచ్చే కథలు రెండున్నాయి.

మొదటిది 2014లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లది. అక్కడి రోడ్ల శాఖ అనుమతి తీసుకునే, దాదాపు 100 జంక్షన్లున్న ఒక వైర్‌లెస్ నెట్‌వర్క్‌ని పరీక్షించారు. రేడియోల మధ్య ఎన్‌క్రిప్షన్ (డేటాని రహస్య లిపిలో పంపడం) లేదు, యూజర్‌నేమూ పాస్‌వర్డూ కంపెనీ ఇచ్చినవే ఉన్నాయి, కంట్రోలర్‌లో డీబగ్ పోర్టు, అంటే తప్పులు వెతకడానికి పెట్టుకునే దొడ్డిదారి, బార్లా తెరిచి ఉంది. ఒక్క జంక్షన్‌లో దూరితే నెట్‌వర్క్ మొత్తంలో తిరగొచ్చు. వాళ్లు తలుచుకుంటే లైట్లు మార్చగలిగారు, కానీ నాలుగు వైపులా గ్రీన్ మాత్రం వెయ్యలేకపోయారు. ఎందుకంటే పెట్టెలో కంట్రోలర్‌తో సంబంధం లేకుండా ఇంకో చిన్న యూనిట్ ఉంటుంది, దీపాలకి వెళ్లే తీగల్లో అసలు కరెంటు ఎక్కడ ఉందో చూస్తుంటుంది. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు గ్రీన్‌లకి ఒకేసారి కరెంటు వెళ్లిందంటే క్షణంలో అన్నిటినీ మిణుకు మిణుకుమనే స్థితికి తోసేస్తుంది. ఏ గ్రీన్‌కి ఏది పడదో దానికి నెట్‌వర్క్ నుంచి చెప్పలేం, ఒక కార్డు మీద అతికించిన తీగలే చెప్తాయి. పసుపు దీపం గారు ఇంకా బాగా చెప్పాలి.

కానీ ఇందులోనే మెలిక ఉంది. ఆ యూనిట్ ఒకసారి అలా పడిపోతే మనిషి వెళ్లి తలుపు తీసి మళ్లీ మామూలు చెయ్యాలి. అంటే ప్రమాదం చెయ్యలేకపోయినా, ఊళ్లో సిగ్నళ్లన్నీ మిణుకుమనిపించి జామ్ చెయ్యొచ్చు. ఊరంతా ఎరుపు పొడిగించడం దానికన్నా సులువు.

రెండోది లాస్ ఏంజిలెస్, 2006. సమ్మె మొదలవబోతోంది, సమ్మె రోజు ఎవరూ దూరకుండా మేనేజ్‌మెంట్ కంప్యూటర్ యాక్సెస్ ఆపేసింది. అయినా అక్కడే పనిచేసే ఇద్దరు ఇంజనీర్లు లోపలికెళ్లి, రద్దీగా ఉండే నాలుగు జంక్షన్ల సిగ్నళ్లను సెంటర్ నుంచి విడదీసి, మళ్లీ ఎవరూ కలపలేకుండా చేశారు. అన్నీ తిరిగి దారికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. నాకు భయం వేసేది ఈ రెండోదే. బయటివాడి కోసం తాళాలు వేస్తాం, తాళంచెవి ఉన్నవాడికి కోపం వస్తే ఏంటన్నది ఎవరూ రాసుకోరు. మిషిగన్ వాళ్లది మన ఊరికి వర్తిస్తుందా అని అడగకండి, ఇక్కడి పెట్టెలు నేను తెరిచి చూడలేదు. ఎన్‌క్రిప్షన్ పెట్టడం, పాస్‌వర్డ్ మార్చడం ఖర్చుతో కూడిన పనులు కావు, అంతవరకు చెప్పగలను.

గుండ్రాయి:

ఓకే అన్నా, అక్కా, నేర్చుకున్నా. ఏఐ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. గూగుల్ వాళ్లు కూడా బెంగళూరు సిగ్నళ్లు చూస్తున్నారని విన్నాను, అది నిజమేనా లేక అది కూడా తలకిందులేనా?

పసుపు దీపం:

అది నిజమే, గ్రీన్ లైట్ అని ప్రాజెక్టు పేరు, హైదరాబాద్, కోల్‌కతా కూడా ఉన్నాయి అందులో. కాకపోతే సిగ్నల్‌కి ఏ వైరూ కలపరు. మ్యాప్స్‌లో మన ఫోన్ల కదలిక చూసి, ఈ జంక్షన్‌లో ఈ పూట ఇన్ని సెకన్లు అటు జరిపితే బాగుంటుందని ట్రాఫిక్ వాళ్లకి సూచన పంపుతారు, మార్చాలా వద్దా అన్నది వీళ్లిష్టం.

రాత్రిషిఫ్టు గారు చెప్పిన యూనిట్ గురించి ఒక్క ముక్క. ఒకసారి కొత్త కేబుల్ వేసి రెండు గ్రీన్ తీగలు తారుమారు కలిపాను, నేనే, ఇంకెవర్నీ అనడానికి లేదు. స్విచ్ వేసిన సెకనులోపు జంక్షన్ మొత్తం పసుపు మిణుకుకి వెళ్లిపోయింది. సాయంత్రం 6 గంటలు. నాలుగు వైపులా హారన్లు, నేను తలుపు చాటున. అది లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను. కొత్తగా పనిలో చేరిన పిల్లలకి నేను మొట్టమొదట చూపించేది ఆ కార్డే.

ఇక 400 మీటర్ల ప్రశ్న. గంటకి 30 కిలోమీటర్ల స్పీడులో 400 మీటర్లకి 48 సెకన్లు పడుతుంది. కాబట్టి మొదటి సిగ్నల్లో గ్రీన్ పడ్డ 48 సెకన్లకి రెండో దాంట్లో పడితే మీరు ఆగకుండా వెళ్లిపోతారు. ఈ తేడాని ఆఫ్‌సెట్ అంటాం. బాగుంది కదా, కానీ ఎదురుగా వచ్చేవాడి సంగతి చూడండి. వాడు రెండో సిగ్నల్ దగ్గర 48వ సెకనులో బయలుదేరి మొదటి దానికి 96వ సెకనుకి వస్తాడు. అక్కడ గ్రీన్ 60 సెకన్లే అనుకుందాం, ఎప్పుడో అయిపోయింది. అన్ని వైపులకీ ఒక రౌండు గ్రీన్ ఇచ్చి రావడానికి పట్టే టైమ్‌ని చక్రం అంటాం, అది 180 సెకన్లయితే మళ్లీ గ్రీన్ 180వ సెకనులో, అంటే 84 సెకన్లు వాడు నిలబడాలి. పొద్దున ఒక వైపు జనం, సాయంత్రం ఇంకో వైపు జనం కాబట్టి ఎవరికి వంగాలో ప్లానులో రాస్తారు. నాకు తెలిసి మీరు జనం వెళ్లే వైపుకి ఎదురు వెళ్తున్నారు, అందుకే మీకు రెండూ రెడ్.

చక్రం 96 పెడితే రెండు వైపులా కలుస్తుంది కదా అని లెక్కలొచ్చినవాళ్లు అడుగుతారు. కలుస్తుంది. కానీ స్టేజ్ మారిన ప్రతిసారీ పసుపు, తర్వాత అందరికీ రెడ్, తర్వాత జనం తేరుకుని క్లచ్ వదలడం, ఇలా ఐదు సెకన్లు గాల్లో పోతాయి. నాలుగు స్టేజ్‌లకి 20. చక్రం 60 అయితే మూడో వంతు దండగ, 180 అయితే తొమ్మిదో వంతే. రద్దీ ఎక్కువైన కొద్దీ చక్రం పొడుగు చెయ్యడం తప్ప దారి లేదని వెబ్‌స్టర్ అనే ఆయన 1958లోనే సూత్రం రాశాడు. అందుకే మీ 140 సెకన్లు. పగబట్టి కాదు.

ఇంకా ఒకటి, ఈ ఆఫ్‌సెట్లన్నీ గడియారాల మీద ఆధారపడ్డవి. పెట్టె నెత్తిన పుట్టగొడుగులాంటిది కనబడుతుంది చూడండి, జీపీఎస్ యాంటెనా, టైమ్ కోసం. ఒకసారి ఒక రోడ్డులో అంతా బాగున్నా ట్రాఫిక్ కలవట్లేదని రెండు వారాలు తల బాదుకున్నాం. చివరికి ఒక పెట్టె గడియారం 35 సెకన్లు వెనకుంది. పుట్టగొడుగు మీద ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టారు, వాన నీళ్లు దిగి యాంటెనా వైరు కుళ్లిపోయింది.

మామయ్య మేనల్లుడు:

అన్నీ బాగా చెప్పారు కానీ మీ పెట్టె పక్కన నిలబడే మనిషిని అందరూ మర్చిపోయారు. మా మామయ్య ఈ ఊళ్లో ట్రాఫిక్‌లో చేసి రిటైరయ్యారు. పెట్టెకి పక్కన చిన్న తలుపు ఉంటుంది, అందులో ఆటో, మాన్యువల్ అని స్విచ్, ఒక బటన్. నొక్కితే తర్వాతి స్టేజ్‌కి వెళ్తుంది. సెంటర్, కెమెరా, సాఫ్ట్‌వేర్, అన్నీ ఆ బటన్ ముందు బలాదూర్.

ఇంజనీర్లందరికీ ఆ బటన్ అంటే మంట. కానీ మామయ్య చెప్పేది వినండి. కెమెరా తన జంక్షన్‌కి వచ్చే బండ్లను చూస్తుంది, వెళ్లాల్సిన చోటు ఖాళీగా ఉందో లేదో చూడదు. ముందు జంక్షన్‌లో లైన్ పెరిగి పెరిగి ఈయన జంక్షన్ మధ్యకి వచ్చేసిందనుకోండి, సిగ్నల్ మాత్రం "ఇటు జనం ఎక్కువున్నారు" అని గ్రీన్ వేస్తూనే ఉంటుంది. వాళ్లు ముందుకి కదల్లేరు, మధ్యలో ఇరుక్కుంటారు, అడ్డ రోడ్డు వాళ్లు కూడా వెళ్లలేరు. నాలుగు వైపులా తాళం పడుతుంది. ఈయనకి వాకీటాకీలో ముందు జంక్షన్ ఆయన చెప్తాడు "సార్, ఐదు నిమిషాలు వదలొద్దు" అని, ఈయన బటన్ పట్టుకుని ఆపేస్తారు. లైన్లో ఉన్నవాళ్లు తిడతారు, ఈయన వింటూ నిలబడతారు. మామయ్యకి మోకాళ్లూ చెవులూ రెండూ పోయాయి.

మొట్టమొదటి సిగ్నల్ కూడా పోలీసు చేత్తోనే నడిపాడు లెండి, 1868లో లండన్ పార్లమెంటు దగ్గర, గ్యాస్ దీపాలు. నెల తిరక్కముందే పేలి ఆ పోలీసుకే దెబ్బలు తగిలాయి. ఈ డిపార్ట్‌మెంట్ జాతకమే అంత.

పసుపు దీపం:

మామయ్య గారికి నమస్కారం చెప్పండి. ముందు దారి మూసుకుపోయినప్పుడు ఆపడం నూటికి నూరుపాళ్లు కరెక్ట్, దాంట్లో గొడవే లేదు. అవతలి వైపు గడి గీసి, అక్కడ బండ్లు కదలకుండా నిలబడితే గ్రీన్ కట్ చేసేలా పెట్టొచ్చు, అన్నిచోట్లా పెట్టరు.

నా మంట వేరే. ఐదు నిమిషాలు ఆపి, రోడ్డు తేలిగ్గా అయ్యాక కూడా ఆటోలోకి మార్చడం మర్చిపోతారు. ఎవరో పెద్దాయన కాన్వాయ్ కోసం పొద్దున మాన్యువల్‌లో పెట్టింది సాయంత్రం దాకా అలాగే ఉన్న రోజులు చూశాను. ఈలోపు ఆ వరసలో ఉన్న మిగతా జంక్షన్ల ఆఫ్‌సెట్లన్నీ చెడిపోతాయి, ఎందుకంటే మధ్యలో ఒకడు తాళం తప్పి దరువేస్తున్నాడు. ఇంకోటి, చేత్తో నడిపేటప్పుడు జాలి ఎక్కువవుతుంది. ఎదురుగా కనబడే లైన్ మొత్తం అయిపోయేదాకా వదుల్తారు, నాలుగేసి నిమిషాలు, అక్కడ మూడు వైపులా లైన్లు పెరిగిపోతాయి. రోడ్డు వెడల్పులో మీటరుకి గంట గ్రీన్‌లో 525 కార్ల చొప్పున వెళ్తాయని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క, 7 మీటర్ల రోడ్డయితే సెకనుకి ఒక కారు. కానీ ఆ లెక్క తొక్కిడిగా వెళ్తున్నంతసేపే. తోక పలచబడ్డాక మూడు సెకన్లకొకటి వెళ్తుంటే గ్రీన్ ఉంచడం పక్కవాడి సొమ్ము దానం చెయ్యడమే.

మామయ్య మేనల్లుడు:

మర్చిపోతారన్నది నిజం. అడిగాను ఇప్పుడే. "మర్చిపోవడం కాదురా, ఆటోలో పెట్టి టీకి వెళ్తే వచ్చేసరికి జామ్ అయి ఉంటుందని భయం" అన్నారు. ఒకసారి అలాగే అయిందట, దాని తర్వాత ఆ పెట్టెని నమ్మలేదు.

రాత్రిషిఫ్టు:

ఆ ఒక్కసారి ఏమైందో ఎవరైనా లాగ్ (పెట్టె తనంతట తను రాసుకునే రికార్డు) తీసి చూశారా? మా దగ్గర కూడా ఇంతే, ఆటోమేటిక్ సిస్టమ్ ఒకసారి దెబ్బేస్తే జనం జీవితాంతం చేత్తోనే చేస్తారు.

మామయ్య మేనల్లుడు:

లాగా? అక్కా, ఆయన టీ గ్లాసు కింద పెట్టి పరుగెత్తారు, లాగ్ ఎక్కడ.

పనత్తూరు పక్షి:

చాలా థాంక్స్ అందరికీ. నిన్న రాత్రి కావాలని మళ్లీ అదే టైమ్‌కి అదే రోడ్డులో వచ్చాను. తెల్ల గీత సగం చెరిగిపోయింది, ఫోన్ టార్చ్ వేసి వెతికి మరీ దాని వెనక ఆపాను. 41 సెకన్లు. వెనక ఒక ఆటో ఆయన వచ్చి, నా ముందు అంత ఖాళీ చూసి హారన్ కొట్టి "ముందక్క హోగి గురూ" అన్నాడు. కెమెరా చూపించి నాకొచ్చిన కన్నడలో చెప్పబోయాను, ఆయన నన్ను దాటుకుని జీబ్రా మీదికెళ్లి ఆగాడు. గ్రీన్ పడ్డాక వెనక్కి తిరిగి, చూశావా ముందుకొస్తేనే పడింది అన్నట్టు నవ్వాడు.

అమ్మకి మాత్రం ఇంకా సెట్ కాలేదు. మాట మధ్యలో గ్రీన్ పడి పెట్టేస్తున్నానని అలిగింది. అక్కడ అంకెలు తిరిగి పెట్టే అవకాశం ఏమైనా ఉందా అన్నా?

పసుపు దీపం:

ఆఖరి ఐదారు సెకన్లు చూపించొచ్చు, అప్పటికి కంట్రోలర్ తేల్చుకుని ఉంటుంది కాబట్టి. ఐదు సెకన్లలో అమ్మతో ఏం మాట్లాడతారు చెప్పండి. ఆఫీసుకి చేరాక చెయ్యండి.